అట్లాంటా నుంచి వేసవిలో ఒక్కరోజు ప్రయాణాలు: పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరడం ఎలా

అట్లాంటా పరిసరాల్లో వేసవి సెలవులు మే నెలాఖరున మొదలై ఆగస్టు మొదట్లో బడులు తెరవగానే ముగిసిపోతాయి. ఇండియా నుంచి తల్లిదండ్రులు వచ్చేది కూడా ఎక్కువగా ఈ నెలల్లోనే. రెండు గంటల కారు ప్రయాణంలోపు ఉత్తరాన కొండలు, జలపాతాలు, దక్షిణాన పీచ్ తోటలు, వెయ్యేళ్లనాటి మట్టిదిబ్బలు ఉన్నా, చాలా కుటుంబాలకు ఆ రోజు మధ్యాహ్నపు ఉక్కలోనో, సాయంత్రపు ఉరుముల వానలోనో, ఊరు చుట్టూ తిరిగే 285 రహదారి మీది రద్దీలోనో కరిగిపోతుంది. వెళ్లిన చోటు మంచిదే అయినా వెళ్లిన వేళ కుదరకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

జూలైలో ఇక్కడి పగటి ఉష్ణోగ్రత తరచుగా 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరుతుంది (ఇకపై చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). దానికి గాలిలోని తేమ తోడవడంతో మధ్యాహ్నం మూడు తర్వాత మబ్బులు పోగై పిడుగులతో వాన పడడం మామూలే. కాబట్టి నడక, మెట్లు, కొండ ఎక్కడం వంటివన్నీ పన్నెండులోపు ముగించి, ఆ తర్వాతి సమయాన్ని నీటికో నీడకో ఏదైనా కప్పు కింద చూసే చోటుకో కేటాయించాలి. ఇందుకోసం ఉదయం ఆరున్నర, ఏడు గంటల మధ్య ఇల్లు కదలవలసి ఉంటుంది. శనివారాల్లో పేరున్న పార్కుల పార్కింగ్ స్థలాలు పొద్దెక్కేలోపే నిండిపోతాయి కూడా. రోజుకు ఒక పెద్ద చోటు, దారిలో ఒక చిన్న చోటు చాలు. మూడోది చేర్చుకున్నవారు మూడింటినీ కారు అద్దంలోంచే చూసి వస్తారు.

ఏ వైపు వెళ్లాలన్నది మీరుండే చోటును బట్టి నిర్ణయించుకోవడం మేలు. ఆల్ఫరెటా, కమింగ్ వైపు ఉండేవారికి 400 రహదారి నేరుగా డాలొనెగా కొండల వైపు తీసుకెళుతుంది. డలూత్, సువానీ వాసులకు 85, 985 రహదారుల మీదుగా హెలెన్, టలూలా దగ్గర. మారియెటా, కెనెసా వారికి 75 మీదుగా కార్టర్స్‌విల్, చాటనూగా, 575 మీదుగా బ్లూ రిడ్జ్ అనుకూలం. ఊరు దాటి అవతలి దిక్కుకు పోవలసిన ప్రయాణాన్ని వారం మధ్యలో సెలవు దొరికిన రోజుకు ఉంచుకోవడం మంచిది.

మొదటిసారి వెళ్లేవారికి, పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి నేను ముందుగా సూచించేది అమికలోలా ఫాల్స్ స్టేట్ పార్క్. ఊరి నడిబొడ్డు నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. 729 అడుగుల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకే ఈ జలపాతం పక్కనే 604 మెట్లున్నాయి. వయసులో ఉన్నవారు కింది నుంచి పైకి ఎక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను ఆ మెట్ల దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టనవసరం లేదు. వెస్ట్ రిడ్జ్ వైపు పార్కింగ్ నుంచి చక్రాల కుర్చీ కూడా పోగలిగినంత చదునైన దారి ఒకటి ఉంది. అది జలపాతం నడిమధ్యలో ఉన్న వంతెన దగ్గరికే చేరుస్తుంది. అక్కడ తుంపర మొహాన పడుతుంది, కెమెరా అద్దం తుడుచుకోవడానికి పొడిగుడ్డ ఒకటి జేబులో ఉండాలి. జార్జియా స్టేట్ పార్కుల్లో వాహనానికి తీసుకునే రోజువారీ పార్కింగ్ పాస్ అదే రోజు మరో స్టేట్ పార్కులో కూడా చెల్లుతుంది కనుక రసీదును దాచుకోవాలి. తిరుగు దారిలో డాలొనెగా ఊరి చౌరస్తాలో ఆగవచ్చు. 1829 ప్రాంతంలో ఇక్కడ బంగారం కోసం జనం ఎగబడ్డారు. 1838 నుంచి 1861 వరకు సమాఖ్య ప్రభుత్వపు టంకశాల నడిచింది. ఆ బంగారపు ఆశే చెరోకీ అనే స్థానిక అమెరికన్ తెగ ప్రజలను వారి నేల నుంచి వెళ్లగొట్టడాన్ని వేగిరపరచింది. పాత కోర్టు భవనంలో ఇప్పుడు ఉన్న మ్యూజియం చిన్నదే అయినా, మధ్యాహ్నపు గంట గడపడానికి చక్కగా సరిపోతుంది.

టలూలా గార్జ్ దీనికి పూర్తిగా భిన్నమైనది. సుమారు రెండు మైళ్ల పొడవున, దాదాపు వెయ్యి అడుగుల లోతున నది కోసిన లోయ అది. ఇక్కడ ఒక విషయం ముందే గుర్తుంచుకోవాలి: కొండ అయితే చల్లటి వేళ ఎక్కి, అలసిన వేళ దిగుతాం, లోయలో చల్లటి వేళ హాయిగా దిగిపోయి, ఎండ ముదిరాక ఎక్కవలసి వస్తుంది. అంచుల మీది వ్యూ పాయింట్లు చూసి, లోయ అడుగుకు 80 అడుగుల ఎత్తున వేలాడే వంతెన దాకా మెట్లు దిగి తిరిగి రావడంతోనే చాలామందికి కాళ్లు పట్టేస్తాయి. అక్కడి నుంచి రెండు వైపులా మెట్లన్నీ కలుపుకుని చుట్టి వస్తే వెయ్యికి పైగా అవుతాయి. లోయ అడుగున బండల మీద నడవాలంటే విడిగా పర్మిట్ కావాలి. రోజుకు 100 మాత్రమే ఇస్తారు. ముందు వచ్చినవారికే దొరుకుతాయి. బండలు వానకు తడిసి ఉన్నా, ఆనకట్ట నుంచి నీరు వదిలే రోజైనా అసలు ఇవ్వరు. హవాయి చెప్పులతోనో క్రాక్స్‌తోనో వెళితే తెల్లవారుజామున లేచి చేసిన ప్రయాణం అక్కడితోనే ఆగిపోతుంది. మడమ పట్టి ఉంచే బూట్లు, తడిసినా ఫరవాలేనివి వేసుకోవాలి. 1970 జూలైలో కార్ల్ వాలెండా అనే సర్కస్ కళాకారుడు 65 ఏళ్ల వయసులో ఈ లోయ మీద కట్టిన తీగపై నడిచి అవతలి గట్టు చేరాడు. ఆనాటి ఉక్కు స్తంభం అవశేషాలు అంచు దారిలో ఇప్పటికీ కనబడతాయి. పిల్లలకు నది భూమిని కోసిన తీరు కన్నా ఈ కథే ఎక్కువ నచ్చుతుందన్నది నా అనుమానం.

హెలెన్ ఊరిని జర్మన్ పల్లె వేషంలో 1969 ప్రాంతంలో తీర్చిదిద్దారు. ఆ అలంకారం అందరికీ రుచించకపోవచ్చు గానీ, ఊరి మధ్యగా పారే చాటహూచీ నదిలో ట్యూబు మీద తేలుతూ పోవడం పిల్లలకు పండుగే. శనివారం మధ్యాహ్నం ఆ ఊరి ఒకే ఒక ప్రధాన వీధిలో కార్లు కదలవు కనుక ఉదయమే ట్యూబింగ్ ముగించాలి. సమీపంలోని ఆనా రూబీ జంట జలపాతాల దాకా అర మైలుకన్నా తక్కువ దూరం పేవ్ చేసిన దారి ఉంది. అది సమాఖ్య ప్రభుత్వపు అటవీ శాఖ అధీనంలోనిది కనుక స్టేట్ పార్క్ పాస్ అక్కడ పనికిరాదు. ఎండను భరించలేనివారు మరికొంత పైకి, 4,784 అడుగుల బ్రాస్‌టౌన్ బాల్డ్ శిఖరానికి వెళ్లవచ్చు. వెయ్యి అడుగులు ఎక్కేకొద్దీ మూడు, మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అట్లాంటా కన్నా అక్కడ పది డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న ఉదయం నాలుగు రాష్ట్రాలు కనిపిస్తాయి.

నీటి విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. లేనియర్ సరస్సు ఊరికి దగ్గరే, ఒడ్డున పార్కులు అనేకం ఉన్నాయి. కానీ సైనిక ఇంజినీర్ల విభాగం 1950లలో ఆనకట్ట కట్టి నింపిన ఈ సరస్సులో ఒడ్డు నుంచి కొద్ది అడుగుల్లోనే లోతు అకస్మాత్తుగా పెరగవచ్చు, ఎర్రమట్టి నీటిలో అడుగు కనపడదు, ఏటా మునిగిపోయే ఘటనలు జరుగుతూనే ఉన్నాయి. నీటిపై తేలే గుర్తులతో (బోయ్‌లతో) హద్దు కట్టిన స్నానపు ఒడ్డుల్లో తప్ప దిగకూడదు. ఈత వచ్చినవారు కూడా పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవాలి. బ్యూఫర్డ్ ఆనకట్ట దిగువన నది మరీ మోసపూరితమైనది. సరస్సు అడుగు నుంచి వదిలే నీరు కాబట్టి మండువేసవిలోనూ సుమారు 50 డిగ్రీల చలితో ఉంటుంది. విద్యుత్ ఉత్పత్తి కోసం నీరు వదిలినప్పుడు నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. సైరన్ వినబడితే సామాన్లు తీసుకుందామని ఆగకుండా ఒడ్డెక్కాలి.

దక్షిణం వైపు రద్దీ తక్కువ. మేకన్ ఊళ్లోని ఓక్మల్గీ మట్టిదిబ్బల జాతీయ చారిత్రక ఉద్యానానికి ప్రవేశ రుసుము లేదు. ఆ దిబ్బలు స్థానిక అమెరికన్ తెగలవారు కట్టినవి. అక్కడి మట్టిగుడిసె లోపలి నేల వెయ్యేళ్లనాటిది. తొమ్మిదిలోపు చేరి, దిబ్బ ఎక్కి దిగి, ఎండ ముదిరేలోపు ఫోర్ట్ వ్యాలీ పీచ్ తోటల వైపు పోవాలి. మే మధ్య నుంచి ఆగస్టు మొదటిదాకా కాయ ఉంటుంది. పీచ్ ఎన్నుకునేటప్పుడు చెంపన ఎరుపు చూసి మోసపోకూడదు, అది రకాన్ని బట్టి వచ్చే రంగు. ఎరుపు లేని చోట, ముఖ్యంగా తొడిమ దగ్గర, ఆకుపచ్చ పోయి పసుపు తిరిగి ఉంటే కాయ పక్వానికి వచ్చినట్లు. వాటిని మూసిన కారు డిక్కీలో పెట్టి మరో చోటికి షికారు వెళ్లకూడదు, వేడికి మెత్తబడి పాడవుతాయి. చరిత్ర ఇష్టపడేవారు అట్లాంటాకు నైరుతిగా ఉన్న వార్మ్ స్ప్రింగ్స్ వెళ్లవచ్చు: పోలియో సోకిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 88 డిగ్రీల ఊటనీటి కోసం వచ్చి, 1932లో ఇల్లు కట్టుకుని, 1945 ఏప్రిల్ 12న అక్కడే కన్నుమూశారు. ప్రావిడెన్స్ కాన్యన్ ఫొటోలు చూసి వేసవిలో బయలుదేరేవారు చాలామంది ఉన్నారు. పాతకాలపు సేద్యం వల్ల కోసుకుపోయిన ఆ రంగురంగుల మట్టి లోయలు నిజంగా అందమైనవే అయినా రెండున్నర గంటల దూరం, పైగా నీడ తక్కువ. దాన్ని అక్టోబరుకు వదిలేయమనే చెబుతాను.

వాన తప్పదని తెలిసిన రోజున చాటనూగా నయం. లుకౌట్ పర్వతం లోపల 1928లో కనుగొన్న 145 అడుగుల రూబీ ఫాల్స్ జలపాతం ఉన్న గుహలో ఏడాదంతా 60 డిగ్రీలే ఉంటుంది. వేళ నిర్ణయించిన టికెట్లు కాబట్టి ముందే కొనాలి, పిల్లలకు పలుచటి స్వెటర్ తీసుకెళ్లాలి. అంత దూరం వద్దనుకుంటే కార్టర్స్‌విల్‌లో టెలస్ సైన్స్ మ్యూజియం ఉంది.

కారులో సర్దుకునే వాటిలో నీళ్లు, ఐసు ముందు. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, పెరుగన్నాన్ని మాత్రం ఐసు నింపిన కూలర్‌లోనే ఉంచాలి. ఉత్తర కొండల్లో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి కనుక తిన్న ప్లేట్లు, మిగిలిన అన్నం బల్ల మీద వదలకూడదు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగను పిల్లలకు ఫొటోలో ముందే చూపించాలి. కొండల్లో సిగ్నల్ పోతుంది; మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ను స్టాండులో బిగించాలి, ఎందుకంటే 2018 జూలై నుంచి జార్జియాలో నడిపేవారు ఫోన్ చేతిలో పట్టుకోవడం నేరం. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి కాకుండా కారులోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఆదివారమైతే నాలుగు గంటలకల్లా తిరుగు దారి పట్టాలి, లేదా దారిలోని ఊళ్లో భోజనం చేసి ఎనిమిది దాటాక బయలుదేరాలి. ఈ రెండింటి మధ్య వేళలో 400, 85 రహదారుల మీద కొండల నుంచి దిగే కార్లన్నీ ఒకేసారి ఊరివైపు వస్తాయి.