మల్కన్‌గిరి వలస ఊళ్ల చరిత్ర రాయాలంటే: ఎవరిని కలవాలి, ఏం అడగాలి

చింతూరు నుంచి 326 జాతీయ రహదారి పట్టుకుని మోటు దాటి, కలిమెల మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు వెళ్తుంటే దారి పొడవునా పేరుకి బదులు అంకె ఉన్న ఊళ్లు తగులుతాయి. ఎం.వి. 79 అంటే మల్కన్‌గిరి విలేజ్ 79. అలాంటివి ఆ జిల్లాలో రెండు వందల పైచిలుకు. తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం అడవి కొట్టించి, భూములు పంచి, నిలబెట్టిన ఊళ్లవి. నేను చింతూరు వైపు బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ సెలవులు దొరికితే ఆ ఊళ్లకు వెళ్లి పెద్దవాళ్ల మాటలు నోట్‌బుక్కుల్లో రాసుకునేదాన్ని. ఇప్పుడు డిగ్రీ, పీజీ పిల్లలు ప్రాజెక్టు కోసం వెళ్తామంటూ వచ్చి ఎలా మొదలుపెట్టాలని అడుగుతున్నారు. ఆ మొదటి తరం వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లేముందు కొంచెం చదువుకుని వెళ్లండి. ఈ శరణార్థుల పునరావాసం కోసం దండకారణ్య ప్రాజెక్టును కేంద్ర ప్రభుత్వం 1958లో మొదలుపెట్టింది. దాని కోసం దండకారణ్య అభివృద్ధి సంస్థ ఏర్పడింది. అప్పటి కోరాపుట్, కలహండి, బస్తర్ జిల్లాలు దాని పరిధి. ఊళ్లు కట్టిన ప్రాంతాల్లో ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ఒడిశాలో, పారల్‌కోట్, కొండగావ్ ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. ఉమర్‌కోట్ ఊళ్లకు యు.వి., పారల్‌కోట్ ఊళ్లకు పి.వి. అని అంకెలుంటాయి. మనవాళ్లకు దండకారణ్యం మరీ కొత్త పేరేమీ కాదు. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే రైలు మార్గాన్ని కట్టిన డి.బి.కె. రైల్వే ప్రాజెక్టులో మొదటి అక్షరం దండకారణ్యానిదే. ఇక 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మల్కన్‌గిరి ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోని జయపురం జమీందారీలో ఉండేది. అందుకే అక్కడి బజారులో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

శరణార్థులందరూ ఒకేసారి రాలేదు. ఇది సరిగ్గా పట్టుకోకపోతే తర్వాత రాసేదంతా తప్పుతుంది. 1947లో కొందరు, 1950 అల్లర్ల తర్వాత చాలామంది, 1952లో పాస్‌పోర్టు పెట్టబోతున్నారని తెలిసి ఇంకొందరు దాటారు. 1964 అల్లర్లకు మరో పెద్ద గుంపు కదిలింది. పాతవాళ్లు పశ్చిమ బెంగాల్ క్యాంపుల్లో ఏళ్లు గడిపాక ఇటు వచ్చారు. 1961లో ఆ క్యాంపులు మూసేస్తూ, దండకారణ్యం వెళ్లనివాళ్లకు ఇచ్చే సాయం ఆపేశారు. 1964 తర్వాత వచ్చినవాళ్లకైతే పశ్చిమ బెంగాల్ బయటికి వెళ్తామంటేనే పునరావాసం. వాళ్లలో చాలామంది రాయ్‌పూర్ దగ్గర మానా క్యాంపులో ఆగి ఇటు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయం స్థలంలో పెట్టిన క్యాంపు అది. కాబట్టి “మీరు ఇష్టపడి వచ్చారా” అని అడగొద్దు. “ఏ క్యాంపు నుంచి వచ్చారు, ఏ సంవత్సరం” అని అడగండి. ఇష్టం ఎంతో, బలవంతం ఎంతో ఆ జవాబులోనే బయటపడుతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. మొదట భూమి గురించి అడగండి. వచ్చినవాళ్లందరూ సరిహద్దు దాటిన రాత్రి గురించే అడుగుతారు. ఆ కథ వాళ్లు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. చెప్పీ చెప్పీ అది ఒకే రూపంలో గట్టిపడి ఉంటుంది, చెప్పిన ప్రతిసారీ ఆ మనిషికి బాధ. పొలం గురించి ఎవరూ అడగరు. అడిగితే మొహం మారుతుంది, చేతులు కదులుతాయి, పక్కనున్న ముసలావిడ “అది కాదు, ముందు నువ్వులు వేశాం” అంటూ కల్పించుకుంటుంది. అసలు చరిత్ర అక్కడ మొదలవుతుంది.

కుర్చీలో కూర్చోబెట్టి అడగకండి. “మీ మొదటి ముక్క ఏదో చూపిస్తారా” అని లేపి పొలానికి తీసుకెళ్లండి. నడవలేనివాళ్లయితే కొడుకునో మనవణ్ణో తోడు తీసుకెళ్లి, చూసొచ్చి మళ్లీ వాళ్ల దగ్గర కూర్చోండి. గట్టు మీద నిలబడి అడగాల్సినవి కొన్ని చెప్తాను. వచ్చేసరికి చెట్లు కొట్టేసి ఉన్నాయా, మీరే కొట్టారా? బుల్డోజర్ వచ్చిందా? వస్తే పైమట్టిని ఎటు నెట్టింది? మోడులు, వేర్లు తీయడానికి ఎన్ని కారులు (పంట కాలాలు) పట్టింది? ఇక్కడ ఏ చెట్లుండేవి, ఇప్ప, తునికి, వెదురు ఏమైనా మిగిల్చారా? భూమి ఒకే ముక్కగా ఇచ్చారా, మంచిదీ చెడ్డదీ కలిపి ముక్కలుగా ఇచ్చారా? ఎద్దులు ఎక్కడివి, అప్పుగా ఇచ్చారా, ఎన్నాళ్లు బతికాయి? భూమి కుటుంబానికి సుమారుగా 5 నుంచి 7 ఎకరాల మధ్య ఇచ్చారు, ఇంటి స్థలం వేరు. వాళ్లు చెప్పే లెక్క దీనికి దగ్గరగా లేకపోతే వెంటనే తప్పు అనుకోకండి. తర్వాత అన్నదమ్ముల మధ్య పంచుకుని ఉంటారు, లేదా అమ్ముకుని ఉంటారు. ఆ సంగతి అడగండి.

మట్టి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఖుల్నా, బరిశాల్, ఫరీద్‌పూర్ లాంటి జిల్లాల నుంచి వచ్చిన రైతులు వాళ్లు. ఏటా వరద వచ్చి ఒండ్రు వేసి వెళ్తే దాంట్లో వరి, జనపనార పండించి, కాలువల్లో చేపలు పట్టుకున్నవాళ్లు. అలాంటివాళ్లను ఎర్రమట్టి మెరక మీద, వాన పడిన నీరు నిలవని చోట నిలబెట్టి సాగు చేసుకోమన్నారు. ఉమర్‌కోట్ వైపు మట్టి మరీ పలచన, మల్కన్‌గిరి వైపు కొంత నయం. మొదటి ఏళ్లలో తెలిసిన వ్యవసాయం పనికిరాక, తెలియనిది నేర్పేవాళ్లు లేక ఎంత నలిగిపోయారో వాళ్ల నోటితోనే వినాలి. ఏ పంట పోయింది, ఏది నిలబడింది, ఏ విత్తనం ఎవరిని చూసి వేశారు అని ఒక్కో ఏడాదీ అడగండి. మల్కన్‌గిరి దగ్గర సతిగూడ, ఉమర్‌కోట్ దగ్గర భాస్కెల్ ఆనకట్టలు, తర్వాత పొట్టేరు కాలువ వచ్చాక ఏం మారిందో వేరుగా రాసుకోండి. నీరు అందిన ఊరి కథ, అందని ఊరి కథ ఒకటి కావు. రెండింటినీ కలిపి “దండకారణ్యం విజయం” అనో “విఫలం” అనో తేల్చేసిన వ్యాసాలు నేను చాలా చదివాను. పొలం గట్టు ఎక్కని రాతలవి. చేపల చెరువులు కూడా చూడండి. ఎవరు తవ్వారు, మొదటి చేపపిల్లలు ఎక్కడివి అని అడిగితే ఆ ఊరు ఎప్పుడు కుదురుకుందో తెలిసిపోతుంది.

పిలుపులు ముఖ్యం. పెద్దావిడను మాసీమా అనండి, పెద్దాయనను కాకా అనండి. మీకంటే కొంచెం పెద్దవాళ్లయితే దాదా, దీదీ. బెంగాలీ రాకపోతే టెన్షన్ పడొద్దు. ఒడియా, హిందీ నడుస్తాయి, మోటు, కలిమెల వైపు కొందరికి తెలుగు వచ్చు. కానీ ముసలావిడలతో మాట్లాడటానికి ఇంట్లో అమ్మాయి సాయం తీసుకోండి, మగవాళ్లను మధ్యలో పెట్టకండి. మగవాళ్లు పక్కనుంటే ఆడవాళ్ల మాటను వాళ్లే పూర్తి చేసేస్తారు. నీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చారు, మొదటి కాన్పు ఎక్కడ జరిగింది, జ్వరాలకు ఏం చేశారు అనేవి ఆడవాళ్లే చెప్పగలరు. అడవి కొట్టిన కొత్తలో మలేరియా ఎన్ని ఇళ్లను ఊపేసిందో వాళ్ల దగ్గరే విన్నాను. చాలామంది హరిచాంద్ ఠాకూర్ అనే గురువును కొలిచే మతువా శాఖవాళ్లు. ఆ గుడి దగ్గర కీర్తన ఉన్న సాయంత్రం వెళ్తే నలుగురైదుగురు పెద్దలు ఒకేచోట దొరుకుతారు.

కాగితాల సంగతి. ట్రంకు పెట్టెలో సరిహద్దు దగ్గర ఇచ్చిన చీటీ, క్యాంపు రేషన్ కార్డు, భూమి పట్టా, అప్పు పుస్తకం లాంటివి ఉండవచ్చు. మొదటి రోజే అడగొద్దు. పౌరసత్వం గురించి దేశంలో నడుస్తున్న గొడవ వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కొత్త మనిషి కాగితం అడిగితే గుండె జారుతుంది. పరిచయం కుదిరాక వాళ్లంతట వాళ్లు తీస్తే వాకిట్లో వెలుతురున్న చోట, వాళ్ల ముందే ఫోన్‌తో ఫొటో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయండి. జిరాక్స్ తీయించుకొస్తానని ఊరు దాటించొద్దు. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. దీనికి మినహాయింపు లేదు.

1978 గురించి మీరుగా మొదలుపెట్టకండి. ఆ ఏడాది ఈ ఊళ్ల నుంచి వేల కుటుంబాలు సామాను కట్టుకుని పశ్చిమ బెంగాల్‌కు, సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవికి వెళ్లిపోయాయి. 1979 జనవరిలో ఆ దీవిని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చుట్టుముట్టింది, మే నెలలో ఖాళీ చేయించింది. ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ వివాదమే. కొందరు తిరిగి ఇక్కడికే వచ్చారు. ఆ ఇళ్లలో ఆ మాట ఎత్తాలంటే నేరుగా కాకుండా “అప్పుడు మీ వీధిలో ఎన్ని ఇళ్లకు తాళం పడింది, తిరిగొచ్చాక పొలం ఎవరి చేతిలో ఉంది” అని అడగండి. చెప్పాలనిపిస్తే చెప్తారు. చెప్పకపోతే పుస్తకం మూసి టీ తాగి రండి. ఫోన్ రికార్డర్ అప్పుడు ఆపి ఉంచడమే మర్యాద.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. ఎం.వి. ఊరు ముగించుకుని బస్సెక్కేయకుండా పక్కనున్న కోయ ఊరికి తప్పకుండా వెళ్లండి. ఎం.వి. ఊళ్లు కట్టిన చోటు ప్రభుత్వ ఫైళ్లలో “వినియోగంలో లేని అటవీ భూమి”. అక్కడి కోయలకు అది పోడు కొట్టుకునే కొండవాలు, పశువులు మేపే బయలు, ఇప్పపువ్వు ఏరుకునే చోటు, వేల్పు ఉన్న చెట్టు. బాగు చేసిన భూమిలో 25 శాతం స్థానిక ఆదివాసులకు ఇవ్వాలన్నది ఒప్పందం. ఎంత అందింది, ఎవరికి అందింది, ఎలాంటి మట్టి అందింది అన్నది ఊరూరా అడిగి రాసుకోవాల్సిన విషయం. మన ఆంధ్రా, ఒడిశా కలిసి సీలేరు మీద కట్టిన బలిమెల జలాశయం కింద భూములు పోయినవాళ్లు కూడా ఈ జిల్లాలోనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసులే. శరణార్థులు, ఆదివాసులు ఇద్దరూ కష్టపడ్డవాళ్లే, ఒకరి కష్టం రాసి ఇంకొకరిది వదిలేస్తే అది చరిత్ర కాదు.

ఇక్కడ మన తెలుగు పిల్లలకు ఒక అనుకూలం ఉంది. కోయల బంధుత్వాలు చింతూరు, కోంటా, మల్కన్‌గిరి మూడు వైపులా ఉంటాయి. మీ కాలేజీలో కోయ స్నేహితులుంటే వాళ్ల మేనమామో అత్తో అటువైపు ఉండే ఉంటారు. ఆ బంధువును తోడు పెట్టుకుని, ముందు ఊరి పెద్దను కలిసి, ఎందుకొచ్చారో చెప్పి కూర్చోండి. “ఆ కొత్త ఊరున్న చోటును మీరు ఇంతకుముందు ఏమని పిలిచేవారు” అన్నది నా మొదటి ప్రశ్న. ఆ అంకె వెనకాల ఒక వాగు పేరో గుట్ట పేరో తప్పకుండా దొరుకుతుంది. దాన్ని నోట్‌బుక్‌లో ఎం.వి. అంకె పక్కనే రాయండి. ఆ తర్వాత మొదటిసారి ట్రాక్టర్ వచ్చిన రోజు, వాళ్లతో వీళ్లకు తగువులు, సంతలో ఇచ్చిపుచ్చుకోవడాలు, ఎవరి దగ్గర ఎవరు కూలికి వెళ్లారు, ఎవరు ఎవరికి ఏ పంట నేర్పారు, అన్నీ వస్తాయి.

తేదీలు సూటిగా అడిగితే ఎవరికీ గుర్తుండవు. బంగ్లాదేశ్ యుద్ధం 1971, ఇందిరాగాంధీ చనిపోయింది 1984, మల్కన్‌గిరి వేరే జిల్లా అయింది 1992. వీటికి ముందా, తర్వాతా అని అడిగి చుట్టూ తిరిగి పట్టుకోండి. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, మీరు తీర్పు ఇవ్వకండి.

నాట్ల కాలంలో వెళ్లొద్దు, ఎవరికీ తీరిక ఉండదు. కోతలయ్యాక, ఎండలు ముదరకముందు వెళ్లడం మంచిది. దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే మల్కన్‌గిరి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.

రాసేటప్పుడు వాళ్ల మాటలను తెలుగు లిపిలో అలాగే ఉంచి, పక్కన అర్థం రాయండి. పుస్తకంలోంచి ఎత్తిన వాక్యాల్లా సరిచేయకండి. పేర్లు మార్చాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి, పొలం తగాదాల గురించి చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మార్చేయండి. ఎకరాలు, కారులు, ఊరి పేర్లు మార్చకండి. మా చింతూరు మండలంలోనూ పోలవరం ముంపు ఊళ్లున్నాయి. రేపు మా వాళ్లను ఇంకోచోట కూర్చోబెట్టేటప్పుడు, కొత్త మట్టిలో మొదటి మూడేళ్లు ఎలా గడుస్తాయో తెలిసినవాళ్లు మోటు దాటితే ఉన్నారు. అందుకే ఆ మూడేళ్ల సంగతి ఎంత వివరంగా రాస్తే అంత మంచిదని అంటున్నాను.

రాత పూర్తయ్యాక మళ్లీ వెళ్లి చదివి వినిపించండి, వాళ్లు దిద్దమన్నచోట దిద్దండి. ఒక ప్రతి ఆ ఊరి బడిలో, ఇంకొకటి కోయ ఊరి పెద్ద దగ్గర ఇవ్వండి. రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసి మాట్లాడినవాళ్ల పిల్లలకు అందజేయండి. తేదీ, ఊరి అంకె, మీ ఫోన్ నంబరు దాని మీద చీటీ రాసి అంటించండి, మరుసటి ఏడాది వెళ్లే పిల్లలు మళ్లీ అవే ప్రశ్నలతో ఆ ముసలివాళ్లను అలసిపోనివ్వకుండా మిమ్మల్ని అడుగుతారు.