బిజినెస్ స్కూల్లో డోనర్ ఫండింగ్‌కి ఎలా అప్లై చెయ్యాలి (కాన్ఫరెన్స్, కేస్ కాంపిటిషన్, స్టడీ అబ్రాడ్ ఖర్చులకి)

అమెరికాలో ఎమ్మెస్ బిజినెస్ అనలిటిక్స్, సప్లై చెయిన్, ఎంబీఏ చేస్తున్న మనోళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు, తెలిసినా మనకెందుకు ఇస్తార్లే అని వదిలేస్తారు. క్లాసు బయట నేర్చుకునేవాటికి, అంటే కాన్ఫరెన్సులు, కేస్ కాంపిటిషన్లు (ఒక కంపెనీ సమస్య ఇచ్చి టీమ్‌లతో పరిష్కారం చెప్పించే పోటీలు), కంపెనీ విజిట్లు, షార్ట్ స్టడీ అబ్రాడ్ ట్రిప్పులు, ఇలాంటివాటికి డోనర్లు (దాతలు) ఇచ్చిన డబ్బు చాలా బిజినెస్ స్కూళ్ళలో విడిగా ఉంటుంది. ట్యూషన్ ఫీజు స్కాలర్‌షిప్ వేరు, ఇది వేరు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి రాదు అనుకోవద్దు, సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉండాలి అనే రూల్ ఎక్కువగా గవర్నమెంట్ డబ్బుకి. ఇక్కడ డోనర్ ఏం రాసిచ్చారో అదే రూల్, కాబట్టి ఒక్కో ఫండ్ ఎలిజిబిలిటీ విడిగా చదవాలి.

ముందు ఆ డబ్బు ఎలా వస్తుందో కొంచెం అర్థం చేసుకుంటే అప్లికేషన్ బాగా రాయగలరు. ఎవరో పాత స్టూడెంటో, లోకల్ బిజినెస్ ఫ్యామిలీయో 25,000 డాలర్లు ఇచ్చారనుకోండి, స్కూల్ దాన్ని ఖర్చు పెట్టెయ్యదు, ఇన్వెస్ట్ చేసి ఏడాదికి సుమారు 4 శాతం మాత్రమే తీస్తుంది, అంటే వెయ్యి డాలర్లు. అందుకే ఈ అవార్డులు ఎక్కువగా 500, 1,000, 1,500 ఇలా చిన్నచిన్నగా ఉంటాయి, మొత్తం ట్రిప్పు ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారని ఆశించొద్దు. ఇచ్చేవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళి చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. డాలస్ వైపు మనోళ్ళు అంతమంది చదివే యూటీ డాలస్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్) బిజినెస్ స్కూల్‌కి మన దేశపు పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ పేరు 2011లో పెట్టారు, ఆయన అక్కడే 1992లో ఎంబీఏ చేసి, తర్వాత కోటిన్నర డాలర్లు ఇచ్చారు.

ఎక్కడ వెతకాలంటే, యూనివర్సిటీ స్కాలర్‌షిప్ పోర్టల్ ఒకటి ఉంటుంది, చాలా చోట్ల దాని పేరు అకడమిక్‌వర్క్స్. అందులో జనరల్ అప్లికేషన్ ఒకసారి నింపితే సరిపోయే ఫండ్స్ అదే చూపిస్తుంది. కానీ ట్రావెల్ ఫండ్స్ అన్నీ అందులో ఉండవు, కొన్ని మీ ప్రోగ్రామ్ ఆఫీసులో, కొన్ని డిపార్ట్‌మెంట్‌లో, కొన్ని కెరీర్ సెంటర్‌లో, ఇంకొన్ని స్టూడెంట్ క్లబ్ ద్వారా వస్తాయి. అందుకని సెమిస్టర్ మొదలైన మొదటి రెండు వారాల్లోనే మీ అడ్వైజర్‌కి ఒక మెయిల్ పెట్టండి, ఫలానా నెలలో ఫలానా కాన్ఫరెన్స్‌కి వెళ్దామనుకుంటున్నా, ట్రావెల్ సపోర్ట్ ఏమైనా ఉందా అని. ఆ ఒక్క మెయిల్ చాలా పని చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళకముందే అప్లై చెయ్యాలి. నేను చదివేటప్పుడు సప్లై చెయిన్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చాక బిల్లులన్నీ పట్టుకుని అప్లై చేస్తే, ట్రిప్ అయిపోయింది కదా ఇవ్వలేం అన్నారు, 800 డాలర్ల పైన క్రెడిట్ కార్డు మీద అలాగే ఉండిపోయింది. అది తీర్చడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ ఇబ్బంది ఇంకెవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నా. టికెట్ బుక్ చెయ్యకముందే అప్రూవల్ మెయిల్ చేతిలో ఉండాలి, ఫాల్, స్ప్రింగ్, సమ్మర్‌కి వేరువేరు డెడ్‌లైన్లు ఉంటాయి కాబట్టి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

కావాల్సినవి: రెజ్యూమె, అనఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ (పోర్టల్ నుంచి మీరే తీసుకునే మార్కుల లిస్టు), మీరు సెలెక్ట్ అయినట్టు లేదా రిజిస్టర్ అయినట్టు మెయిల్, బడ్జెట్, చిన్న ఎస్సే, కొన్నిటికి ప్రొఫెసర్ రికమెండేషన్. బడ్జెట్‌లో రౌండ్ ఫిగర్లు వెయ్యొద్దు. ఫ్లైట్ 312, రిజిస్ట్రేషన్ 175, హోటల్ రెండు రాత్రులు ఇద్దరం షేర్ చేసుకుంటే నా వాటా ఇంత, ఇలా స్క్రీన్‌షాట్లతో చూపించండి, మీ జేబులోంచి ఎంత పెట్టుకుంటున్నారో కూడా రాయండి, అది చూస్తే ఈ అబ్బాయి లేదా అమ్మాయి సీరియస్‌గా ఉన్నారని కమిటీకి తెలుస్తుంది.

ఎస్సేలో మనోళ్ళు చేసే తప్పు ఏంటంటే, మా నాన్నగారు రైతు, లోన్ ఇంత ఉంది అని మొత్తం కష్టాలే రాస్తారు. అవసరం ఉంటే రెండు లైన్లు రాయండి, తప్పు కాదు, కానీ కమిటీ చూసేది వేరు: అక్కడికి వెళ్తే మీరు ఏం నేర్చుకుంటారు, క్లాసులో దొరకనిది ఏంటి, తిరిగొచ్చి ఏం చేస్తారు. ఏ సెషన్‌కి వెళ్తారో పేరుతో సహా రాయండి, వచ్చాక క్లబ్‌లో జూనియర్లకి చెప్తానంటే అదీ రాయండి. డోనర్ ఆ డబ్బుని ఫ్యామిలీ బిజినెస్‌ల కోసం ఇచ్చుంటే దాని గురించి, గ్లోబల్ ఎక్స్‌పీరియన్స్ కోసం ఇచ్చుంటే దాని గురించి, అంతేగానీ ఒకే ఎస్సే అన్నిటికీ పంపితే చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

దేశం దాటే ట్రిప్పైతే ఇంకో పని ఉంది. ఐ-20 (ఎఫ్-1 వాళ్ళకి స్కూల్ ఇచ్చే ఫామ్) మీద ట్రావెల్ సిగ్నేచర్ ఉందో లేదో చూసుకోండి, చదువుకుంటున్నప్పుడు అది ఏడాది వరకే పనికొస్తుంది. మన పాస్‌పోర్టుకి యూరప్‌లో చాలా దేశాలకి వెళ్ళాలంటే షెంజెన్ వీసా (ఆ దేశాలన్నిటికీ కలిపి ఉండే ఒకే వీసా) కావాలి, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, ఫీజు 90 యూరోలు, దాన్ని బడ్జెట్‌లో వెయ్యొచ్చా అని ముందే అడగండి.

డబ్బు ఎక్కువ చోట్ల రీయింబర్స్‌మెంట్‌గానే వస్తుంది, ముందు మీరే పెట్టుకోవాలి. చేతిలో లేకపోతే అడ్వాన్స్ ఇస్తారా, లేదా స్కూలే డైరెక్ట్‌గా టికెట్ బుక్ చేస్తుందా అని మొహమాటం లేకుండా అడగండి. రసీదులు ఐటమ్ వారీగా ఉండాలి, కార్డు స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు, వచ్చిన వెంటనే సబ్మిట్ చెయ్యండి, గడువు దాటితే పోయినట్టే.

ట్యాక్స్ విషయం మనోళ్ళకి ఎవరూ చెప్పరు. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా ట్యాక్స్ లెక్కలో మీరు నాన్ రెసిడెంట్, ట్రావెల్, హోటల్, తిండికి ఇచ్చే అవార్డు స్కాలర్‌షిప్ కింద లెక్కేస్తే స్కూల్ 14 శాతం ట్యాక్స్ ముందే పట్టుకోవచ్చు. వెయ్యి వస్తుందనుకుంటే 860 వస్తుంది, ఆ తర్వాతి ఏడాది మార్చి మధ్యలోపు 1042-ఎస్ ఫామ్ (ఎంత ఇచ్చారో, ఎంత ట్యాక్స్ పట్టుకున్నారో చూపించేది) వస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు అది కలపండి, పట్టుకున్నదాంట్లో కొంత వెనక్కి రావచ్చు. స్కూల్ తరఫున టీమ్‌గా కాంపిటిషన్‌కి వెళ్తే కొన్నిసార్లు దాన్ని స్కూల్ ఖర్చుగానే చూస్తారు, అప్పుడు ట్యాక్స్ ఉండదు, మీ డబ్బుని ఏ లెక్క కింద వేస్తున్నారో పేమెంట్ ముందే అడగండి. ఇక్కడే పుట్టి ఫైనాన్షియల్ ఎయిడ్ మీద డిగ్రీ చదువుతున్న పిల్లలైతే ఎయిడ్ ఆఫీసుకి ముందే చెప్పాలి, లేకపోతే ఈ అవార్డు వల్ల వేరే ఎయిడ్ తగ్గొచ్చు, స్టడీ అబ్రాడ్ ఖర్చు చూపిస్తే ఎయిడ్ లిమిట్ పెంచే వీలుంటుంది.

చివరగా డోనర్‌కి థాంక్యూ లెటర్. ఇది ఐచ్ఛికం అనుకోకండి, కొన్ని స్కూళ్ళు లెటర్ అప్‌లోడ్ చేసేదాకా డబ్బు రిలీజ్ చెయ్యవు. ఒక పేజీ చాలు, అక్కడ ఎవర్ని కలిశారు, ఏ మాట మనసులో నిలిచింది, ఒక ఫోటో. కాన్ఫరెన్స్ నుంచి తిరిగొచ్చే ఫ్లైట్‌లోనే రాసేస్తే అన్నీ గుర్తుంటాయి, రెండోసారి ముందే అప్లై చేసి ఫండ్ వచ్చినప్పుడు నేను అలాగే రాశాను, రెండు నెలల తర్వాత ఆ డోనర్ గారే చేత్తో రాసిన కార్డు పంపించారు.