పాత స్టీల్ రోడ్ సైకిల్ కొంటున్నారా? ముందు సీటు పోస్టు లాగి చూడండి

ఇక్కడ ఇంగ్లండ్‌లో పాత రోడ్ సైకిల్‌కి "వింటేజ్" అని తగిలిస్తే చాలు, నోటికొచ్చిన రేటు చెప్తారు. అడిగే ధరలు చూసి లెక్క వేసుకోకండి. ఈబేలో సోల్డ్ ఫిల్టర్ పెట్టి, అలాంటివి నిజంగా ఎంతకు పోయాయో చూడండి.

ఫ్రేము మీద రేనాల్డ్స్ 531 (పేరున్న బ్రిటిష్ స్టీల్ గొట్టాల రకం) స్టిక్కర్ ఉంటే సంతోషమే, కానీ ఆ స్టిక్కర్లు కొత్తవి విడిగా కూడా దొరుకుతాయి! అందుకే సీటు పోస్టు, అంటే సీటుని మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం, బయటికి లాగి, మీద కొట్టిన అంకె చదవండి. అది మిల్లీమీటర్లలో దాని వ్యాసం. బ్రిటిష్ ఫ్రేములో 27.2 ఉంటే తేలికైన డబుల్ బటెడ్ (చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉండే) గొట్టాలన్న మాట నమ్మొచ్చు. 26 దరిదాపుల్లో ఉంటే ఫ్రేముది మందపాటి గొట్టం అయ్యుండొచ్చు, రేటూ ఆ మేరకు తగ్గాలి.

పోస్టు అసలు కదలకపోతే, అల్యూమినియం పోస్టు స్టీల్ ఫ్రేముకి అతుక్కుపోయి ఉండొచ్చు. అలాంటిది ఒకటి మోజుపడి కొని, రెండు వారాంతాలు దాంతో కుస్తీ పట్టాను. చివరికి రంపంతో కోయాల్సి వచ్చింది.

పాత ప్యూజో లాంటి ఫ్రెంచి సైకిలైతే మరలు వేరే కొలత, విడిభాగాల కోసం తిరగాలి. టైర్లు, చైను, కేబుళ్లు, బ్రేకు ప్యాడ్ల ఖర్చు కాగితం మీద రాసుకుని, దాన్ని తీసేశాకే మీ రేటు చెప్పండి.