పాత ఫోన్‌కు ఫర్మ్‌వేర్ ఎక్కించడం – 3వ పాఠం: ఐదో అక్షరం

గత పాఠంలో ఫోన్‌లోని ఫోటోలనూ కాంటాక్టులనూ కంప్యూటర్‌లోకి చేర్చుకుని, సామ్‌సంగ్ యూఎస్‌బీ డ్రైవర్ వేసుకున్నాం. ఈ పాఠానికి కూడా 2015 నాటి గెలాక్సీ జె7 ఫోన్‌నే ముందు పెట్టుకుందాం. ఫర్మ్‌వేర్‌ను, అంటే ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను, కంప్యూటర్ నుంచి ఎక్కించే ప్రోగ్రామైన ఓడిన్ తెరవడానికి ఇంకా తొందర లేదు. నా అనుభవంలో పని చెడేది ఎక్కువగా తప్పు ఫర్మ్‌వేర్ ఫైలు ఎంచుకున్నప్పుడే.

బ్యాటరీ తీసి చూస్తే దాని కింది స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. అక్కడ ఎస్ఎం-జె700ఎఫ్ అని ఉంటే ఫైలు పేరులోనూ జె700ఎఫ్ అనే ఉండాలి. చివర ఒక్క అక్షరం మారినా అది వేరే ఫోన్‌కు చెందిన ఫైలే.

ఆ తరువాత సెట్టింగ్స్‌లో కనిపించే బిల్డ్ నంబరులో చివరి ఐదు అక్షరాలు చదవండి. అవి 4, బి, ఆర్, జి, 2 అనుకుందాం. ఇందులో ఆర్ అంటే 2018, జి అంటే జులై. కుడి నుంచి లెక్కిస్తే ఐదవదైన 4 బూట్‌లోడర్ (ఫోన్ వెలగగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అంచెను తెలుపుతుంది. మీరు దించుకున్న ఫైలులో ఆ అంకె 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. ఒకసారి నేను దీన్ని చూడకుండా, పాత ఆండ్రాయిడే తేలికగా నడుస్తుందన్న ఆశతో 3 ఉన్న ఫైలు ఎక్కించబోతే, ఫోన్ తెర మీద ఎర్రటి అక్షరాలతో నిరాకరణ వచ్చి, ఓడిన్‌లో ఫెయిల్ అని పడింది. అంకె వెనక్కి పోదు.

ఫోన్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే అందులోని గూగుల్ ఖాతాను ఇప్పుడే తీసివేయండి, ఎందుకంటే ఆండ్రాయిడ్ 5.1 నుంచి వచ్చిన ఎఫ్ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) తాళం, రికవరీ (మరమ్మతుకు వాడే ప్రత్యేక మెనూ) నుంచి గానీ ఫ్లాషింగ్‌తో (ఫర్మ్‌వేర్ ఎక్కించడంతో) గానీ డేటా తుడిచిన తరువాత, పాత ఖాతా పాస్‌వర్డ్ చెప్పనిదే లోపలికి రానివ్వదు.

ఇక ఫోన్ ఆపి, వాల్యూమ్ తగ్గించే మీట, హోమ్, పవర్ మూడింటినీ కలిపి నొక్కి, హెచ్చరిక రాగానే వాల్యూమ్ పెంచే మీట నొక్కితే డౌన్‌లోడ్ మోడ్ (ఫర్మ్‌వేర్ అందుకునే స్థితి) వస్తుంది. కంప్యూటర్‌లో ఓడిన్ తెరిచి, కేబుల్ పెట్టగానే అందులో యాడెడ్ అని కనబడాలి. బీఎల్ (బూట్‌లోడర్), ఏపీ (ఆండ్రాయిడ్ సిస్టమ్), సీపీ (మోడెమ్), సీఎస్‌సీ (దేశం, నెట్‌వర్క్ సెట్టింగులు) ఫైళ్లను వాటి వాటి గడుల్లో పెట్టండి. ఫైలు ఒకటే ముక్కగా వస్తే దాన్ని ఏపీ గడిలో పెట్టాలి. ఏపీ ఫైలు పెద్దది కనుక దాన్ని సరిచూసుకునేటప్పుడు ఓడిన్ రెండు మూడు నిమిషాలు బిగుసుకుపోయినట్టు కనబడుతుంది, మూసేయకండి. సీఎస్‌సీ పెడితే డేటా తుడిచిపెట్టుకుపోతుంది, దానికి బదులు హోమ్ సీఎస్‌సీ ఫైలు పెడితే మిగులుతుంది. కానీ ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉంటే మొదటిదే మేలు, చెడినదేదో ఆ డేటాలోనే ఉండవచ్చు. రీ-పార్టిషన్ (ఫోన్ నిల్వను తిరిగి విభజించేది) ఎదుట టిక్ ఉండకూడదు. నాండ్ ఎరేజ్ (ఫోన్ నిల్వను తుడిచేది) జోలికి అసలే పోవద్దు, ఐఎంఇఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) వివరాలుండే ఈఎఫ్ఎస్ అనే విభాగానికే అది ముప్పు తేగలదు.

స్టార్ట్ నొక్కాక కేబుల్‌ను కదపకండి. ఆకుపచ్చ గడిలో పాస్ అని వచ్చి ఫోన్ తిరిగి వెలిగిన తరువాత, మొదటిసారి పది నిమిషాల వరకు లోగో దగ్గరే నిలిచి ఉండవచ్చు. అరగంటయినా అక్కడే ఉంటే రికవరీలోకి వెళ్లవలసి వస్తుంది. ఆ పని 4వ పాఠంలో చేద్దాం.