కొండల్లో నేషనల్ పార్కులకి బైక్ ట్రిప్ ప్లానింగ్ – 3వ పాఠం: రోజుకి ఎంత దూరం పెట్టుకోవాలి?

పోయిన పాఠంలో తేదీల గురించి చెప్పుకున్నాం కదా, రూట్‌లో అన్నిటికన్నా లేటుగా తెరుచుకునే రోడ్డు ఏదో చూసుకుని దాన్నిబట్టే తేదీ పెట్టుకోవాలని. మన రూట్ అమెరికా, కెనడా రాకీ కొండల్లో కదా, అందులో అది అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ పార్కులో ఉన్న గోయింగ్ టు ద సన్ రోడ్డు, అక్కడ మంచు తీసి మొత్తం తెరిచేసరికి జూన్ ఆఖరు అయిపోతుంది, ఒక్కో ఏడు జూలై మధ్యదాకా కూడా పోతుంది. కాబట్టి హోంవర్క్‌లో జూన్ మొదటివారం అని రాసుకున్నవాళ్లు కొట్టేసి జూలై రెండో సగం అని మార్చేసుకోండి, తప్పేం లేదు, అందుకే పెన్సిల్‌తో రాయమన్నది.

ఇవాళ్టి పాఠం ఒక్క రోజు ప్లాన్ గురించే. ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే (బైక్ కాదు, ప్లాన్). నేనూ కొట్టాను. మొదటి ట్రిప్‌కి మ్యాప్ ముందేసుకుని రోజుకి 500 కిలోమీటర్లు అని గీతలు గీసేశా, హైవే మీద 500 కొట్టడం అలవాటే కదా అనుకుని. రెండో రోజుకే రాత్రి తొమ్మిదిన్నరకి బైక్ హెడ్‌లైట్ వెలుగులో టెంట్ వేస్తున్నా, ఏ రాడ్ ఎక్కడ దూర్చాలో తెలీదు, చేతులు చలికి కొయ్యబారిపోయాయి, అంత దూరం పోయి చూసిందేంటంటే ముందున్న వ్యాన్ వెనక డోరు!

అప్పట్నుంచి కొండల్లో కిలోమీటర్ల లెక్క మానేసి గంటల లెక్క మొదలుపెట్టా. పద్ధతి చాలా సింపుల్. రోజు దారిని ముక్కలు చెయ్యండి, ఒక్కో ముక్కకి యావరేజ్ స్పీడ్ వెయ్యండి. నేను వేసుకునేది ఇలా ఉంటుంది, లోయలో తిన్నగా పోయే రెండు లేన్ల రోడ్డుకి గంటకి 65 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డుకి 40, పార్కు లోపల కూడా 40. పార్కులో రోడ్డు బాగానే ఉంటుంది కదా 40 ఏంటి అంటారా, యెల్లోస్టోన్ పార్కులో స్పీడ్ లిమిటే గంటకి 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు, దానికి తోడు బైసన్ల (మన అడవిదున్నల్లాంటి పెద్ద జంతువులు) మంద రోడ్డెక్కిందంటే అవి దిగేదాకా అందరూ ఇంజన్లు ఆపుకుని కూచోవడమే. వాటికి కనీసం 25 గజాలు దూరంగా ఉండాలని అక్కడ రూలు, కారులో ఉన్నవాడికి కనీసం చుట్టూ రేకైనా ఉంటుంది, మనకి అదీ లేదు, అందుకని ముందు కారుని పోనిచ్చి వెనక ఆగండి, పక్కనుంచి దూరిపోదాం అన్న ఆలోచనే వద్దు.

ఒక రోజుని లెక్కేసి చూద్దాం. పొద్దున రెడ్ లాడ్జ్ అనే ఊళ్లో బయల్దేరి బేర్‌టూత్ హైవే (పేరుకే హైవే, నిజానికి ఘాట్ రోడ్డు) ఎక్కి కుక్ సిటీ మీదుగా యెల్లోస్టోన్ ఈశాన్యం గేటు, అక్కణ్ణుంచి లామార్ లోయలోంచి పార్కు లోపలే ఉన్న మామత్ దాకా. బేర్‌టూత్ 68 మైళ్లు, గేటు నుంచి మామత్‌కి ఇంకో 47, మొత్తం 115 మైళ్లు, అంటే 185 కిలోమీటర్లు. హైవే కళ్లతో చూస్తే రెండున్నర గంటల పని. మన లెక్కలో ఘాట్ 110 కిలోమీటర్లకి రెండు గంటల ముప్పావు, పార్కు 75కి దగ్గర దగ్గర రెండు గంటలు, ఆగడాలకి గంటన్నర (ఆ రోడ్డు మీద ఆగకుండా పోతే ఇక పోవడం దేనికి), వాన, రోడ్డు పని, బైసన్లు అన్నిటికీ కలిపి ఇంకో గంట. ఏడు గంటలు దాటింది, ఎనిమిదికి బయల్దేరితే మామత్ చేరేసరికి మూడుంపావు. ఇది ఫుల్ డే, ఇంకేం కలపొద్దు.

బయల్దేరే టైం ఎనిమిది అని ఊరికే అనలేదు. ఎండాకాలంలో ఆ ఎత్తుల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ఉరుములు మెరుపులు మామూలే, పైన చెట్టన్నది ఉండదు, బోడి కొండ మీద బైక్ మీద మనమే ఎత్తుగా కనిపిస్తాం. అందుకని రోజులో ఎత్తైన పాయింట్ ఎక్కడుందో చూసి అది పన్నెండు లోపు దాటేలా ప్లాన్ చెయ్యండి. రాకీ మౌంటెన్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుకీ ఇదే, అది 12,183 అడుగుల ఎత్తుదాకా ఎక్కుతుంది, అందులో 11 మైళ్లు చెట్లు మొలిచే హద్దుకి పైనే.

చలి లెక్క కూడా ముందే వేసుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రెడ్ లాడ్జ్ 1,700 మీటర్ల దగ్గర ఉంది, బేర్‌టూత్ పాస్ (ఆ రోడ్డు కొండ దాటే కనుమ) 3,337, అంటే కింద 18 ఉంటే పైన 7. బైక్ 60లో పోతుంటే గాలి దెబ్బకి ఆ 7 ఒంటికి ఒక డిగ్రీలా తగుల్తుంది. కాబట్టి లోపలి జాకెట్ లైనర్, మందం గ్లవ్స్ డిక్కీ అడుగున పెట్టకండి, పైన పెట్టండి. ఇంజన్‌కీ అంతే, గాలి పల్చబడి ఆ ఎత్తులో పవర్ దగ్గర దగ్గర మూడో వంతు పోతుంది, ఇద్దరు కూచుని సామానుతో ఎక్కుతుంటే బండి పాడయ్యిందేమో అనిపిస్తుంది, ఏం కాదు, ఒక గేర్ తగ్గించి పోనివ్వండి.

ఇక పెట్రోల్. ట్యాంకు 15 లీటర్లు, మామూలుగా మైలేజ్ 25 ఇస్తుందనుకుంటే సామానుతో కొండల్లో 20 అనే రాసుకోండి. 300 వచ్చింది కదా, అందులో ముప్పావు వంతే మనది, 225, మిగతా పావు అవసరానికి దాచుకునేది. రెండు బంకుల మధ్య దూరం దీనికి మించిందంటే ప్లాన్ మార్చాలి. కెనడాలో లేక్ లూయీస్ నుంచి జాస్పర్‌కి ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే సుమారు 230 కిలోమీటర్లు, మధ్యలో సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్ దగ్గర ఒక్కటే బంకు, అదీ చలికాలం మూసేస్తారు. అది మూసి ఉన్నప్పుడు 225కీ 230కీ ఐదే కదా తేడా అంటారేమో, ఫోన్ సిగ్నల్ లేని రోడ్డు మీద ట్యాంకు ఖాళీ అయి బండి తోసినవాణ్ణి అడగండి.

హోంవర్క్: మొదట్లో చెప్పిన గోయింగ్ టు ద సన్ రోడ్డే, సెయింట్ మేరీ నుంచి లోగన్ పాస్ మీదుగా వెస్ట్ గ్లేసియర్, సుమారు 50 మైళ్లు. పైభాగంలో స్పీడ్ లిమిట్ 25 మైళ్లు, పార్కు లోపల పెట్రోల్ అసలు దొరకదు, సెయింట్ మేరీ సుమారు 1,370 మీటర్లు, పాస్ 2,026. మీ బండి నంబర్లతోనే గంటలు, చలి, పెట్రోల్ మూడూ లెక్కేసి ఒకే కాగితం మీద రాయండి. ఒక్క హింట్, లోగన్ పాస్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, బయల్దేరే టైం అది చూసుకుని పెట్టుకోండి. ఆ కాగితం పారెయ్యొద్దు, సామాను బరువు ఎక్కడ ఎంత పెట్టాలో నాలుగో పాఠంలో దానితోనే మొదలుపెడదాం.