స్కూల్ పనికి లాప్‌టాప్ కొంటున్నారా? కింద పడినా డేటా బతికేలా ఎలా ఎంచుకోవాలి

పోయిన డిసెంబర్లో గుంటూరులో మా అక్క వాళ్లింట్లో లాప్‌టాప్ కింద పడింది. పెద్ద ఎత్తు నుంచి కూడా కాదు, మంచం మీద నుంచి, ఛార్జర్ వైరు ఎవరి కాలికో తగిలి. స్క్రీన్ పగల్లేదు, మూత విరగలేదు, హమ్మయ్య అనుకున్నాం, తీరా ఆన్ చేస్తే లోపల టిక్ టిక్ మని చప్పుడే తప్ప విండోస్ రాలేదు. మా మేనకోడలు పదో తరగతి, నోట్సూ ప్రాజెక్టులూ అన్నీ అందులోనే ఉన్నాయి. "మామయ్యా, ఫైల్స్ వస్తాయా?" అంది. రాలేదు. ఆ పిల్ల మొహం చూశాక ఇంకే ఇంట్లోనూ ఇలా జరక్కూడదని రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి. హార్డ్ డిస్క్‌లో అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5400 సార్లు, కొన్నిట్లో 7200 సార్లు తిరుగుతుంటాయి, వాటి మీద చదివే హెడ్ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరిగేటప్పుడు గట్టి దెబ్బ తగిలితే హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది, గీకిన చోట డేటా పోయినట్టే. అదే ఆఫ్‌లో ఉంటే హెడ్ పక్కకి వెళ్లి కూర్చుంటుంది కాబట్టి చాలా పెద్ద దెబ్బ కూడా తట్టుకుంటుంది.

కొన్ని లాప్‌టాప్‌లలో ఉండే షాక్ ప్రొటెక్షన్ చేసేది కూడా ఇదే. లాప్‌టాప్ పడుతోందని చిన్న సెన్సర్ కనిపెట్టి, నేలకి తగిలేలోపే హెడ్‌ని పక్కకి తీసేస్తుంది. రెండున్నర అడుగుల టేబుల్ మీద నుంచి పడటానికి దాదాపు 0.4 సెకను పడుతుంది, ఆ కాస్త టైమ్ దానికి చాలు. కానీ టేబుల్ మీద ఉండగానే ఎవరైనా దబ్బున గుద్దితే దానికి ముందు తెలిసే ఛాన్స్ లేదు. అంటే ఇది ఉంటే మంచిదే, ఇదొక్కటే ఉంటే చాలదు.

ఇక కొనే పని. మొదట అడగాల్సింది అసలు హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా (చిప్‌లలో డేటా దాచేది) అని. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, హెడ్ లేదు, గీకడం లేదు. స్కూల్ పనికి 256 జీబీ ఎస్ఎస్‌డీ బోలెడు, నా మాట వింటే 1 టీబీ హార్డ్ డిస్క్ అని మురిపించినా దీనికే వెళ్లండి. షాపాయన నోటిమాట నమ్మక్కర్లేదు, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ దగ్గర చూడండి, ఏది ఉందో రాసే ఉంటుంది.

బడ్జెట్ తక్కువై గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో సెకండ్ హ్యాండ్ చూస్తుంటే అసలు జాగ్రత్త ఇక్కడే. హార్డ్ డిస్క్ ఉన్న మోడల్ అయితే ఈ సెన్సర్ ఉందో లేదో మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్లో చూసుకోండి. థింక్‌ప్యాడ్ అనే లాప్‌టాప్‌లలో 2003 నుంచి యాక్టివ్ ప్రొటెక్షన్ సిస్టమ్ అని వచ్చింది, హెచ్‌పీ వాళ్లది 3డీ డ్రైవ్‌గార్డ్, డెల్ వాళ్లు ఫ్రీ ఫాల్ సెన్సర్ అంటారు, అయితే ఏ కంపెనీ కూడా అన్ని మోడల్స్‌లో ఇవ్వలేదు. ఇంకో చిక్కుంది, అమ్మే ముందు ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తారు కదా, అప్పుడు దీని డ్రైవర్, అంటే సెన్సర్‌ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, వెయ్యకపోతే సెన్సర్ ఉండి కూడా లేనట్టే. అక్కడే వేయించుకోండి. పాత థింక్‌ప్యాడ్‌లో అయితే యాక్టివ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ప్రోగ్రామ్ తెరిచి లాప్‌టాప్‌ని మెల్లగా వంచి చూడండి, స్క్రీన్ మీద బొమ్మ కూడా వంగితే పనిచేస్తున్నట్టు.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ ప్రోగ్రామ్ పెట్టి డిస్క్ ఆరోగ్యం చూడండి. "గుడ్" అని కాకుండా "కాషన్" అని పసుపు రంగులో వస్తే ఆ డిస్క్‌తో తీసుకోవద్దు, లేదా దాని బదులు ఎస్ఎస్‌డీ వేయించి ఇమ్మనండి.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ జనరేషన్ కంటే పాతవి దాదాపు ఏవీ విండోస్ 11 లిస్టులో ఉండవు, ఇదీ గుర్తుపెట్టుకోండి. మామూలు వారంటీలో కింద పడితే కవర్ కాదు, కొత్తది కొంటుంటే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ ఉందేమో అడగండి.

ఇంటికొచ్చాక పిల్లలకి రెండే చెప్పండి. హార్డ్ డిస్క్ లాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేశాకే బ్యాగులో పెట్టాలి, గుంటూరు నుంచి విజయవాడ బస్సులో వెళ్తుంటే బ్యాగ్ ఒళ్లో ఉండాలి. వారానికోసారి ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేయాలి. బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ అయితే మళ్లీ అదీ తిరిగేదే, దాన్ని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి.

ఎప్పుడైనా పడి, లోపల టిక్ టిక్ వినిపిస్తే వెంటనే ఆఫ్ చేసేయండి. మేం ఆ రాత్రి వస్తుందేమోనని పదిసార్లు ఆన్ చేశాం, చేసిన ప్రతిసారీ హెడ్ ఇంకాస్త గీకుతుందని తర్వాత రిపేర్ అబ్బాయి చెప్పాడు.