పాత ట్రాక్టర్‌కు డీజిల్ అందకపోతే ఏం చేయాలి? పంపు విప్పకముందు ఇవి చూడండి

పొలం పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే పాత ట్రాక్టర్ మొరాయిస్తుంది. ఖాళీగా తోలితే బాగానే ఉంటుంది, గొర్రు దించగానే రేస్ పడిపోతుంది. లేదంటే అరగంట నడిచి ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. గట్టు మీద నిలబడ్డ నలుగురిలో ఒకరు "పంపు పోయింది" అని తేల్చేస్తారు. ఇక డీజిల్‌ను ఒత్తిడితో ఇంజన్‌కు పంపే డీజిల్ పంపు విప్పి టౌనుకు పట్టుకెళ్ళడం, వేలకు వేలు పోసి బాగుచేయించడం, తెచ్చి బిగించాక చూస్తే మళ్ళీ అదే జబ్బు. పైగా తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) తప్పితే కొత్త రోగం అంటుకుంటుంది. నేను చూసిన బళ్ళలో చాలావాటికి లోపం పంపులో లేదు, ట్యాంకుకూ, దాంట్లోంచి డీజిల్ లాగి ఫిల్టర్లకు పంపే చిన్న ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న ఆ రెండు మూడు అడుగుల పైపులోనే ఉంది. అందుకే డీజిల్ నడిచే దారిలోనే మనమూ నడవాలి. ట్యాంకు మూతతో మొదలుపెట్టి వరసగా వెళ్ళాలి, మధ్యలో దూకకూడదు.

ఇది మాస్సీ 1035, మహీంద్రా బి-275, 575, స్వరాజ్ 735, పాత హెచ్‌ఎంటీల్లాంటి మామూలు డీజిల్ పంపు ఉన్న బళ్ళ సంగతి. కామన్ రైల్ (కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కొత్త తరహా) ఇంజన్లకు ఇందులోది ఏదీ చేయకండి, వాటి ఇంజెక్టర్ పైపులు వదులు చేయడం ప్రమాదం.

సామాను

రింగ్ పానాలు, స్క్రూడ్రైవరు, శుభ్రమైన క్యాను, రెండు మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, క్లిప్పులు, కొత్త రాగి వాషర్లు, ఫిల్టర్ల సెట్టు. తుడవడానికి ఉతికిన నూలు గుడ్డ. కాటన్ వేస్ట్ వాడొద్దు, దాని పీచు పైపులోకి పోతుంది. బండి న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టండి.

ముందు రెండు నిమిషాల్లో చూడాల్సినవి

ఇంజన్ ఆపే స్టాపర్ లాగి వదిలితే వెనక్కి పూర్తిగా పోతోందా చూడండి. పాత కేబుల్ తుప్పు పట్టి సగంలో ఇరుక్కుంటే పంపు డీజిల్ వదలదు. ట్యాంకులో సగానికైనా డీజిల్ ఉండాలి, కింద డీజిల్ ఆపే కుళాయి, అదే కాక్, తెరిచి ఉండాలి.

తర్వాత ట్యాంకు మూత. దానికి గాలి పీల్చుకునే సన్నని బెజ్జం ఉంటుంది. దుమ్మూ నూనె కలిసి అది మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పల్చబడి ధార ఆగిపోతుంది. అరగంటకోసారి ఆగే బండికి ముందు అనుమానించాల్సింది ఇదే. ఆగిన వెంటనే మూత తిప్పండి. 'సుయ్'మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. మూత డీజిల్‌లో కడిగి, బెజ్జం పొడిచి పెట్టుకోండి. మూత పోయిందని పాలిథిన్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసేవాళ్ళు ఉన్నారు, దానికీ ఇదే గతి.

సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్‌లో పొగ చూడండి. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, వేరే జబ్బు వెతకాలి. అసలు పొగే లేకపోతే డీజిల్ అందట్లేదు. లోడు మీద నల్ల పొగ వస్తే అది డీజిల్ తక్కువ కావడం కాదు, ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి వెళ్ళండి.

ట్యాంకు నుంచి ధార

ఫీడ్ పంపు దగ్గరికి వచ్చే పైపు విప్పి క్యానులో పెట్టండి. పెన్సిల్ మందాన ధార ఆగకుండా రావాలి. చాలామంది గ్లాసెడు పట్టి 'బాగానే వస్తోంది' అని మూసేస్తారు. అలా కాదు, రెండు మూడు లీటర్లు పోనివ్వండి. అడుగున ఉన్న చెత్త మెల్లగా కదిలి కాక్ మూతి దగ్గరకు చేరడానికి ఆ మాత్రం టైము పడుతుంది. మొదట జోరుగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకు కడగాల్సిందే. నోటితోనో కంప్రెసర్‌తోనో పైపులోంచి వెనక్కి ఊదితే చెత్త మళ్ళీ ట్యాంకులోకే పోతుంది, రెండో రోజు తిరిగి వస్తుంది. ఊదడం పొలంలోంచి ఇంటిదాకా రావడానికి తప్ప రిపేరు కాదు.

రబ్బరు పైపు బయటకి బాగున్నా నమ్మకండి. లోపలి పొర ఊడి, డీజిల్ లాగినప్పుడల్లా అడ్డం పడుతుంది. నా లెక్కలో రబ్బరు పైపు గట్టిపడిందంటే మార్చేయాలి, చర్చ లేదు.

ఫిల్టర్లు

ఖాళీగా బాగా తిరిగి లోడులో చచ్చిపోయే బండికి ఫిల్టర్లు చూడాలి. గుడ్డ ఫిల్టరు శుభ్రమైన డీజిల్‌లో కడిగి వాడుకోవచ్చు, పేపర్ ఫిల్టరు కడగకూడదు. నేను రెండూ ఒకేసారి మారుస్తాను, ఒకటి మార్చి ఒకటి వదిలేసే పని వద్దు. ఫిల్టరు కింది కప్పు అడుగున నీళ్ళు, నల్లటి జిగురు కనపడితే ఫిల్టరు ఒక్కటే మారిస్తే లాభం లేదు, ట్యాంకు కడగండి.

ఎయిర్ తీయడం, అసలు పని ఇక్కడుంది

ఫిల్టరు మార్చినా, డీజిల్ అయిపోయి ఆగినా లైనులోకి గాలి చేరుతుంది. పంపు డీజిల్‌ను నొక్కి నాజిల్‌కు, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కుకు, పంపాలి, ఆ దారిలో గాలి బుడగ ఉంటే పంపు నొక్కుడంతా ఆ బుడగ నలగడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. ఇక్కడే తొందరపడి అన్నీ ఒకేసారి వదులు చేసి, సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేస్తారు. తర్వాత ఎయిర్ క్లీనర్‌లో పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్ట్ చేస్తారు. అది దయచేసి చేయకండి. పిస్టన్ మీద, రింగుల మీద పడే దెబ్బ ఆరోజు కనపడదు, తర్వాత ఇంజన్ ఆయిల్ తాగుతున్నప్పుడు కనపడుతుంది.

వరస తప్పకూడదు: మొదటి ఫిల్టరు, రెండో ఫిల్టరు, పంపు, చివరికి నాజిళ్ళు. ఫిల్టరు తల మీద ఉండే చిన్న స్క్రూ చుట్టూ ముందు గుడ్డతో తుడిచి, సగం చుట్టు వదులు చేయండి. ఫీడ్ పంపు చేతి మీట కొట్టండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలతో డీజిల్, తర్వాత బుడగల్లేని డీజిల్. బుడగలు ఆగాక కూడా ఇంకో పది సార్లు కొట్టండి. స్క్రూ బిగించేటప్పుడు చేయి మీట మీదే ఉండాలి, డీజిల్ కారుతుండగానే బిగించాలి. మీట వదిలేశాక బిగిస్తే ఆ క్షణంలో కాస్త గాలి వెనక్కి పోతుంది, మళ్ళీ మొదటికి. ఇది ఇద్దరు చేసే పని, ఒకరు కొడుతుంటే ఒకరు బిగించాలి. ఫిల్టరు తల అల్యూమినియంది, స్క్రూ చిన్నది. పొడుగు పానాతో బలం చూపిస్తే మర పోతుంది, ఆపైన ఆ తలే మార్చాలి.

మీట కొడుతుంటే తేలిగ్గా ఊగుతూ డీజిల్ రాకపోతే ఫీడ్ పంపు పోయిందని అనుకోకండి. డయాఫ్రం పంపుల్లో లోపలి క్యామ్ పైకి ఆగి ఉన్నప్పుడు మీటకు పట్టు దొరకదు. ఇంజన్‌ను ఒక్క చుట్టు తిప్పి మళ్ళీ కొట్టి చూడండి. ఈ ఒక్క సంగతి తెలియక బాగున్న ఫీడ్ పంపులు ఎన్ని మార్చారో. తిప్పి నొక్కే గుండీ ఉండే పంపులైతే, పని అయ్యాక గుండీని కిందికి నొక్కి గట్టిగా తిప్పి పెట్టాలి. వదులుగా ఉంటే గాలి అక్కడినుంచే లోపలికి పోతుంది.

పంపు మీది స్క్రూ దగ్గరా ఇలాగే చేసి, చివరికి నాజిళ్ళ దగ్గరి నట్లు ఒక చుట్టు వదులు చేసి, రేస్ నిండా పెట్టి సెల్ఫ్ కొట్టండి. పది పదిహేను సెకన్లకు మించి ఏకబిగిన కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆగాలి. నట్టు దగ్గర డీజిల్ చిమ్ముతుంటే ఒక్కొక్కటీ బిగించుకుంటూ రండి. ఇంజన్ అందుకోగానే రేస్ తగ్గించండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి: లీకు ఎక్కడుందో వేలు పెట్టి తడిమి చూడకూడదు. నాజిల్ పైపుల్లో డీజిల్ నూట డెబ్భై, రెండు వందల బార్, అంతకు మించిన ఒత్తిడిలో కూడా చిమ్ముతుంది, సన్నటి ధార తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. చూడాలంటే అట్టముక్క పెట్టండి. పొరపాటున చర్మంలోకి పోతే, గాయం సూది గుచ్చినంతే కనిపించినా, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ఎయిర్ తీసినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే

పొద్దున స్టార్ట్ అవడానికి మొండికేసే బండి, రేస్ పైకీ కిందికీ ఊగే బండి ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇక్కడ తేడా అర్థం చేసుకోవాలి. ఫీడ్ పంపు తర్వాత లీకుంటే డీజిల్ బయటికి కారుతుంది, తడి కనపడుతుంది. ఫీడ్ పంపుకు ముందు లీకుంటే ఇంజన్ తిరిగేటప్పుడు పంపు లాగుతుంది కాబట్టి గాలే లోపలికి పోతుంది, బయట చుక్క కూడా ఉండకపోవచ్చు. పొడిగా ఉందని ఆ జాయింటును వదిలేయకండి.

ప్లాస్టిక్ పైపు తెచ్చుకోమన్నది ఇందుకే. ఫీడ్ పంపు నుంచి ఫిల్టరుకు పోయే చోట ఆ పైపు పెట్టి ఇంజన్ నడపండి. బుడగలు కంటికే కనపడతాయి. తర్వాత ట్యాంకు పైపు తీసేసి, క్యానులో డీజిల్ పోసి ఎత్తులో కట్టి, నేరుగా ఫీడ్ పంపుకు కలపండి. బుడగలు ఆగాయా, తప్పు ట్యాంకు వైపు పైపులోనో కాక్‌లోనో ఉంది. ఆగలేదా, ఫీడ్ పంపులోనే. ట్యాంకు వైపైతే ఒక్కో జాయింటు చుట్టూ గ్రీజు దట్టంగా పూసి చూడండి, ఏది పూసినప్పుడు బుడగలు ఆగితే అదే. పావుగంటలో తేలిపోతుంది.

దొరికాక ఆ జాయింటులో రాగి వాషర్లు రెండు వైపులా కొత్తవి వేయండి. నలిగిన వాషరు మళ్ళీ కూర్చోదు. టెఫ్లాన్ టేపు చుట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, దాని ముక్క తెగి ఫిల్టరుకో పంపుకో చేరుతుంది, పైగా ఆ జాయింట్లు రాగి మీద కూర్చునేవి, మర మీద కాదు. ట్యాంకు చిల్లికి సబ్బు పూయడం కూడా ఇంటికి చేరేదాకానే.

ఇవన్నీ చేశాక, ఎత్తులో కట్టిన క్యానుతో, కొత్త ఫిల్టర్లతో, ఒక్క బుడగ లేకుండా డీజిల్ పంపు దాకా వస్తూ ఉండి, అయినా నాజిళ్ళ దగ్గర ఏమీ చిమ్మకపోతే అప్పుడు పంపు విప్పించండి. షాపుకు తీసుకెళ్ళేటప్పుడు పైపుల మూతులన్నీ శుభ్రమైన పాలిథిన్‌తో కట్టండి, పంపు తీసేముందు ఫ్లాంజి (పంపు ఇంజన్‌కు బిగిసే అంచు) మీదున్న గీతలు ఎక్కడ కలిశాయో ఫోనులో ఫొటో తీసుకోండి. నాజిళ్ళు కూడా కలిపి ఇవ్వండి, అవి విడిగా టెస్ట్ చేస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.